దొంగచూపు లేని మనిషి

"దొంగచూపు అంటే ఏమిటి?" అడిగాడు చీఫ్ నరసింహమూర్తి.

రాజేంద్రనగర్‌లో బోర్డు లేని గూఢచారి ఆఫీసు. ఎదురుగా ఏజెంట్ లక్ష్మణ్. ట్రెయినింగ్‌లో కొత్తవాళ్లకు ఈ పాఠం చెప్పేది అతనే.

"తల కదలదు సర్. కళ్లు మాత్రం పక్కకు జారతాయి. నన్నెవరైనా గమనిస్తున్నారా అన్న అనుమానంతో చూసేది దొంగచూపు."

"ఓరచూపూ అంతేగా?"

"ఓరచూపు మీద పాటలు రాస్తారు. దొంగచూపు మీద ఎఫ్ఐఆర్ రాస్తారు."

చీఫ్ నవ్వలేదు. "సింధూర ఈ మధ్యాహ్నం శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కుతోంది."

సింధూర. ఆమె కారిడార్‌లో నడిచొస్తే ఆఫీసంతా పని ఆపి చూసేది. రెండేళ్లు మనకూ, అవతలి వాళ్లకూ కలిపి పనిచేసిందని నిన్ననే తెలిసింది.

"విదేశాల్లో మారుపేర్లతో ఉన్న మన పదకొండు మంది అసలు పేర్లు ఆమె దగ్గరున్నాయి. ఏడో పేరు మీకు తెలుసు."

తెలుసు. అనుపమ. లక్ష్మణ్ భార్య. ఆ లిస్టు చేరిన గంటలో ఆమె బతికి ఉండదు.

"సింధూర ముఖం మార్చుకుంది. ఏ ఫ్లైటో తెలియదు. ఎయిర్‌పోర్టు కెమెరాలకు మీ దొంగచూపు పాఠం నేర్పాం, అలా చూసేవాళ్లు కనిపిస్తే అలర్ట్ ఇస్తాయి. మన దగ్గరున్నది అంతే."

మధ్యాహ్నం ఒకటిన్నర. ట్రాలీలు తోసే యూనిఫాంలో డిపార్చర్ గేటు ముందు నిలబడ్డాడు లక్ష్మణ్. చెవిలో ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు మోగుతూనే ఉంది.

"రెండు వందల పద్నాలుగో అలర్ట్, లక్ష్మణ్. ఇదీ సింధూర కాదు."

దుబాయ్ వెళ్లే ఒక్క మనిషి వెంట జీపు నిండా చుట్టాలు. అందరివీ పక్కచూపులే. కెమెరా ఒక ముసలాయన మీద, ఒక బాలింత మీద, ఒక పూజారి మీద అరిచింది. ఇక లాభం లేదు.

"ఏంది బిడ్డా, గంత పరేషాన్ అయితున్నవ్?" చీపురు, ఖాళీ బకెట్‌తో స్వీపర్ దుర్గవ్వ.

"అందరూ దొంగచూపులు చూస్తుండ్రు అవ్వా."

"గవి దొంగచూపులు గావు. నన్ను చూసుడు! దూరం పోయేటోళ్లకు చీపురు, ఖాళీ బకెట్ ఎదురు రావద్దు గదా. నేను కనవడితే చాలు, ఆగుతరు, మొఖం తిప్పుతరు, కూసొని నీళ్లు తాగి పోతరు. పొద్దుగాల సంది గిదే కథ."

అయితే లక్ష్మణ్ వెతకాల్సింది చూపు తిప్పేవాళ్లను కాదు, తిప్పని మనిషిని. సింధూరకు కళ్లు కదపకుండా నడవడం నేర్పింది తనే.

"అవ్వా, ఆ బకెట్ పట్టుకొని గేటుకు పోయే ప్రతి గుంపుకూ ఎదురు పోతవా?"

"తిట్టిపిస్తవా నన్ను?" అంది దుర్గవ్వ. కానీ కదిలింది.

మొదటి గుంపు ఆగింది. రెండోది ఆగింది. మూడో గుంపులో ఒకావిడ తిట్టింది కూడా. ఆరో గుంపు మధ్యలో పసుపు చీర కొత్త కోడలు. అత్త టక్కున ఆగి, "ఆగు బిడ్డా!" అని చెయ్యి లాగింది. ఆడబిడ్డలు ముఖం తిప్పారు. కోడలు మాత్రం చెయ్యి విడిపించుకుని, చూపు గేటు మీదే నిలిపి, బకెట్‌ను దాటుకుని నడిచింది.

జవాను పాస్‌పోర్టు చూసి తిరిగిచ్చేశాడు. ఆమె కాలు గడప దాటుతోంది.

లక్ష్మణ్ ట్రాలీని అడ్డంగా తోశాడు. ఆమె తూలింది. అతని చెయ్యి ఆమె మణికట్టు మీద బిగిసింది. రెండో చేత్తో ఆమె మెడలోని పుస్తెలు తిప్పాడు. వెనక అతికించిన మెమొరీ చిప్ గోటికి తగిలింది.

"నా కళ్లు కదిలాయా, లక్ష్మణ్ గారూ?" సింధూర గొంతు.

"కదల్లేదు. ఇంట్లోవాళ్లతో పాటు ఒక్కసారి కదిలి ఉంటే వెళ్లిపోయేదానివి."

వెనక నుంచి అత్త బిక్కచచ్చిపోయి అడిగింది. "సీరియల్ షూటింగ్ అని తోల్కొచ్చిండ్రు సారూ. అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

ఇయర్‌పీస్‌లో నరసింహమూర్తి. "అభినందనలు లక్ష్మణ్. అనుపమ మారుపేరు చెక్కుచెదరలేదు."

"ఇంటికి ఎప్పుడొస్తుంది సర్?"

"ఆమెను అక్కడ ఎవరూ అనుమానించట్లేదు కదా. పోస్టింగ్ ఇంకో మూడేళ్లు పొడిగించారు."

చుట్టూ చుట్టాలు చేతులూపుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో భార్యను అంత దిగ్విజయంగా దూరం చేసుకున్న భర్త మాత్రం మరొకడు లేడు.