మేడ మీద చప్పట్లు

కన్నయ్య, అతని భార్య విజయశ్రీ తామ్వే పేటలో అద్దెగది ఖాళీ చేసి, రేవు దగ్గరి పాత గోదాములోకి మారారు. పడుచు మగవాళ్లను సైన్యంలోకి లాక్కుపోతున్న రోజులవి. యాంగోన్ వీధుల్లో కన్నయ్య వయసువాడు నడవడమంటే చేప వలకు ఎదురీదడమే.

గోదాముకు కాపలా ఉండే జోగి విజయశ్రీకి తాత వరస. చుట్టుపక్కల బర్మావాళ్లకు ఊ జోగి, అంటే జోగిగారు. తాళంచెవి చేతిలో పెడుతూ ఆయన గొంతు తగ్గించాడు.

“మేడ మాత్రం ఎక్కకండి. ఆడనుంచి ఎవులు పిలిసినా పలక్కండి.”

“ఏటుంది తాతా అక్కడ?”

ముసలాయన నది వైపు తిరిగి చెప్పాడు. ఆయన తాతల కాలంలో ఈ గోదాము నిండా మన తెలుగు కూలీలే. యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతోందని అనుకునేవారు. డిసెంబరు నెలలో ఓ ఉదయం, తళతళా మెరుస్తూ ఆకాశం నిండా విమానాలొచ్చాయి. మూటలు పడేసి అందరూ మేడెక్కారు. ఆ వింత చూసి చప్పట్లు కొట్టారు. అవి బాంబులెయ్యడానికొచ్చిన జపానువాళ్ల విమానాలని వాళ్లకేం తెలుసు?

“మరి ఒక్కడూ కిందికి దిగనేదమ్మా,” అన్నాడు జోగి.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. కన్నయ్య గది దాటలేదు. కిటికీకి గోనెగుడ్డ కట్టుకుని, ఎండ తగలని మొక్కలా పాలిపోయాడు.

ఓ రోజు పొద్దుగూకుతుండగా కరెంటు పోయింది. రోజూ పోయేదే. విజయశ్రీ పొయ్యి ముందు కూర్చుని ఎండుచేపలు వేయిస్తోంది. ఉన్నట్టుండి ఆ వాసన అణిగిపోయి, గోనెలు కాలుతున్న కమురు గది నిండా కమ్ముకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. చెప్పుల్లేని పాదాలు... ఒకళ్లవి కావు, గుంపుగా పైకి పోతున్నాయి.

ఆ తర్వాత మేడ మీద చప్పట్లు మొదలయ్యాయి.

“రండర్రా... ఎంత బాగున్నాయో సూడండి...”

అచ్చం చిన్నప్పుడు అమ్మమ్మ మాట్లాడిన యాస. కన్నయ్య లేచి నిలబడ్డాడు.

“మనోల్లే,” అన్నాడు గుసగుసగా.

“ఎల్లకు మావా!”

“ఆకాశం సూసి ఎన్నాళ్లయిందే...”

ఆమె చొక్కా పట్టుకుంది. గుడ్డ చిరిగి చేతిలోకి వచ్చిందే గాని అతను ఆగలేదు.

విజయశ్రీ వెనకే పరిగెత్తింది. తల వంచుకుని, గోడ తడుముకుంటూ మెట్లెక్కింది. గోడ కాలిన పెనంలా ఉంది. పైన మసక వెలుతురు. చూపు నేల మీదే ఉంచింది. పాదాలు... ఎటు చూసినా దుమ్ము కొట్టుకున్న పాదాలే. అన్నీ మునివేళ్ల మీద నిలబడి ఉన్నాయి. వాటి మధ్య కన్నయ్య రబ్బరు చెప్పులు. అతని మడమలు కూడా మెల్లగా పైకి లేస్తున్నాయి...

అతని నడుం చుట్టూ చేతులు వేసి వెనక్కి లాగింది. చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

“కాసేపు... ఇంకాసేపు...” అన్నాడు కన్నయ్య.

ఎలా దించిందో ఆమెకే తెలియదు. చాప మీద పడుకోబెట్టింది. ఊపిరి ఉంది. పిలిస్తే పలుకు లేదు. పైకెత్తిన గడ్డం ఎంత నొక్కినా కిందికి రావడం లేదు. కళ్లు రెప్ప వెయ్యడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే ముందు పేరు అడుగుతారు. పేరు చెబితే, అతని కోసం వచ్చేవాళ్లు డాక్టర్లు కారు.

ఆమె కేక విని జోగి టార్చిలైటుతో వచ్చాడు. కన్నయ్య కళ్లలోకి వెలుగు వేసి చూశాడు.

“ఈ ఇమానాలు మా తాతోల్లు సూసినవి కావమ్మా... ఈటి రెక్కలు వేరేగున్నాయి.”

విజయశ్రీ వంగి చూసింది. ఆ నల్ల కనుపాపలో, ఆవగింజంత వీధి. తమ వీధే. మూల మీద సెల్‌ఫోను టవరు, దాని కింద టీకొట్టు నీలం బల్లలు. పైన ఏవో నల్లగా, బారులు తీరి వస్తున్నాయి.

వీధి మధ్యలో తనే నిలబడి ఉంది, తల పైకెత్తి. చంకలో ఏడాది బిడ్డ, తల్లి చూసేవైపే వేలు చూపిస్తూ నవ్వుతోంది.

విజయశ్రీకి ఇంకా పిల్లలు లేరు.