నలభై ఏడో కాగితం

శనివారం పొద్దున ఏడింటికే వెంకటరాజం ఇల్లు పెళ్ళివారి ఇల్లులా సందడిగా ఉంది. సందడంతా ఆయన ఒక్కడిదే. హాల్లో చాప మీద కాగితాలు పరుచుకుని, ఒక్కొక్కటి చదివి పక్కన పెడుతూ, ప్రతి ఐదు నిమిషాలకు వంటింట్లోకి కేక వేస్తున్నాడు.

"శారదా, నలభై అయినయి. నలభైకి నలభై 'చాలా బాగుంది' అనే ఉన్నయి."

"చేతికి పిండి ఉన్నది. ఆడికెల్లే చెప్పుండ్రి, ఇనపడ్తాంది," అంది శారదమ్మ, గంజు గిన్నె అడుగున సర్వపిండి రొట్టె ఒత్తుతూ.

వెంకటరాజం మండల విద్యాధికారి. భువనగిరిలో సొంతిల్లు, పక్క మండలంలో కొలువు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, ఈసారి జిల్లా నుంచి టీచర్లకే ప్రశ్నలు వచ్చాయి. మీ బడిలో పని పరిస్థితులు ఎలా ఉన్నాయి, మీ అధికారి తీరు ఎలా ఉంది అని పది ప్రశ్నలు. జవాబుకు నాలుగు గడులు, కింద రాసుకోవడానికి కొంచెం జాగా. పేరు రాయవద్దని పైనే అచ్చు వేశారు. కాకపోతే అధికారి గురించి రాసిన కాగితాలను ఆ అధికారే పోగుచేసి పంపాలట. ఆ తెలివి ఎవరిదోగాని వాళ్ళకు దండం పెట్టాలి.

పదింటికి మండలంలోని టీచర్లందరితో సమావేశం, మూడింటికి జిల్లా ఆఫీసులో కాగితాలు అప్పగించడం. అందరికంటే మంచి పేరు వచ్చిన మండలం అధికారిని అక్కడ వేదిక మీద మాట్లాడమంటారని విన్నాడు. నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకున్నాడు. ముప్పైనాలుగేళ్ళ సర్వీసుకు ఇంతకంటే ఏం కావాలి?

చివరిదైన నలభై ఏడో కాగితం దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది.

నాలుగో ప్రశ్న కింద ఇలా ఉంది: 'బాత్‌రూంలో నీళ్ళు రావు. అందుకని ఆడటీచర్లం ఇల్లు విడిచాక సాయంత్రం దాకా నీళ్ళు తాగం.' తొమ్మిదో ప్రశ్న, మీ అధికారి మీ మాట వింటారా అన్నది. దాని కింద: 'వినరు. మా మాట సగంలో ఉండగానే ఆయన జవాబు అయిపోతుంది. మనిషి మంచివారే. కాని వినరు.'

ఎవరా ధైర్యవంతులు అనుకుంటూ కాగితం చివరికి వచ్చాడు. అక్కడ ఎర్ర ఇంకుతో పొట్టి సంతకం, పక్కన తేదీ ఉన్నాయి. అచ్చం పిల్లల నోటుబుక్కు దిద్ది పెట్టినట్టు. ఆ సంతకం ఆయనకు కొత్త కాదు. నిరుడు కూతురు సింధూజకు టీచరు కొలువు వచ్చినప్పుడు, ఇదే చాప మీద కూర్చుని పది రకాలుగా గీసి, "ఏది బాగుంది బాపూ?" అని అడిగి ఖాయం చేసుకున్న సంతకం. పోస్టింగు కూడా ఆయన మండలంలోనే పడిందని ఆరోజు వీధంతా మిఠాయిలు పంచాడు.

"సింధూ, జర ఇటు రా."

సగం అల్లిన జడతో వచ్చిన సింధూజ కాగితం చూసి నాలుక కరుచుకుంది. మొన్న గురువారం బళ్ళో ముప్పై ఎనిమిది నోటుబుక్కులు దిద్ది, అదే ఊపులో ఈ కాగితం రాసింది. చెయ్యి తన అలవాటు మానలేదు.

"నేనే రాసిన బాపూ. సంతకం మర్శిపోయి పెట్టిన. రాసింది మాత్రం మర్శిపోయి రాయలే."

"కన్నబిడ్డవు. ఇంట్ల ఒక్క మాట చెప్పొద్దా?"

"మూడుసార్లు చెప్పిన. దసరా ముంగట నీళ్ళ సంగతి చెప్తుంటే..."

"గ్రాంటు రావాలెనమ్మా. రాంగనే మోటరు..."

"చూసినవా? ఇప్పుడు గూడ నన్ను చెప్పనియ్యలే."

వెంకటరాజం ముఖం ఎర్రబడింది. సంచిలోంచి తెల్ల ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు. "పది నిమిషాల పని. మళ్ళ రాయి."

"రాయను."

"అయితే ఇది చింపుత."

"చింపు. నలభై ఆరే పట్కపో," అంది సింధూజ. "గని ఆ నలభై ఆరు ఎట్ల వచ్చినయో ఎరుకేనా? అందరి దస్తూరి సారుకు ఎరుకే, దొరికిపోతం అని ప్రశ్న సుత చదవకుంట టిక్కు కొట్టిండ్రు. మా బడిల నా పక్కనే కూసోని, ఒకలది చూసి ఒకలు."

"అబద్ధం. నేనంటే వాళ్ళకు గౌరవం."

"భయం బాపూ."

ఆయన చెయ్యి నేల మీద ఫెడీమని పడింది. చాయ గ్లాసు ఒరిగి నాలుగు కాగితాలు తడిశాయి. తండ్రి తన మీద అంత కోపపడటం సింధూజ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. అయినా ఆమె తెల్ల ఫారం ముట్టుకోలేదు.

శారదమ్మ పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్క మాట అడుగుత. ఆ నలభై ఆరుల మెర్సీ టీచరమ్మది గూడ ఉన్నదా?"

"ఎందుకుండదు? మండలంల ఉన్న టీచరే కద."

"మొన్న ఆదివారం మనింటికి వచ్చింది, యాదికున్నదా? రెండ్రోజులు సెలవు కావాలన్నది. పరీక్షల ముంగట సెలవులు ఏంది, ఐదు తరగతులకు నువ్వొక్కతివే, బడి మూతపడ్తది అన్నరు మీరు. అని లేశి లోపటికి పోయిండ్రు."

"నిజమే కద. ఆమె జాగల పంపనీకె నా దగ్గర ఎవలున్నరు?"

"సెలవు ఎందుకో అడిగిండ్రా?"

వెంకటరాజం తడిసిన కాగితాలు దులపసాగాడు.

"ఎల్లుండి సోమవారం వాళ్ళమ్మకు నల్లగొండ దవాఖానల గుండె ఆపరేషన్. ఆ మాట మీకు చెప్పనీకె వచ్చి, చెప్పకుంటనే వాకిట్లకు పోయింది. నేను వంటింట్లకు తోల్కపోయి కూసోపెడ్తె నాకు చెప్పి ఏడ్చింది. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది, సారుకు కోపమొస్తదట. ఒట్టు తప్పిన. ఏమైతే అది అయితది."

ఆయన కాగితాలన్నీ మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. మెర్సీది ఏదో వెతకబోయాడు. నలభై ఆరింటిలోనూ అవే టిక్కులు, అదే గడి. తల్లి ఆపరేషన్‌కు సెలవు దొరకని మనిషి కూడా సారు చాలా బాగున్నాడనే రాసింది. ఇందాకటి దాకా తనను ఆకాశానికెత్తిన కాగితాలే ఇప్పుడు ఒక్కొక్కటీ చెంప మీద కొట్టినట్టు ఉన్నాయి. తన ఎదుట భయపడనిది లోకంలో ఈ ఒక్క పిల్లేనా అని ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది.

చాలాసేపటికి లేచి చొక్కా వేసుకున్నాడు. "సింధూ, నీ కాగితం అందరి ముంగట చదువుత. నీకు సమ్మతమేనా?"

ఆమె కళ్ళు తుడుచుకుని తల ఊపింది.

"అయితే బండి తియ్యి. నీ ఎనుక కూసుంట."

"సర్వపిండి తినిపోండ్రి," అంటున్న శారదమ్మ మాట పూర్తయ్యేలోగా స్కూటీ సందు దాటింది.

పదకొండయింది, పన్నెండయింది, ఒంటిగంట అయింది. శారదమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. కోపంలో అక్కడ ఏమన్నాడో, పిల్ల ఏమైపోయిందో అని నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్ళొచ్చింది. ఆఖరికి సింధూజే ఫోన్ చేసింది. ఉత్సాహంతో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"అమ్మా, బాపు నా కాగితం మొత్తం చదివిండు. 'వినరు' అన్నది రెండుసార్లు చదివిండు. అది నా బిడ్డ రాసింది, నిజమే రాసింది అన్నడు. తెల్ల ఫారాలు అందరికి పంచి, మళ్ళ రాయుండ్రి, కవర్లు అంటించి మీరే జిల్లాకు పట్కపోండ్రి, నేను ముట్టను అని బయిటికి పోయి ఎండల నిలబడ్డడు."

"అయ్యో. ఎవలన్న రాసిండ్రా మరి?"

"పావుగంట ఎవ్వలు పెన్ను తియ్యలే. అప్పుడు మెర్సీ మేడం లేశి బయిటికి పోయింది. 'సార్, నేను పేరు రాయొచ్చా' అని అడిగింది. ఇగ చూడాలె అమ్మా, అందరు రాసుడే రాసుడు. ఇప్పుడు ఒక్కొక్కలు లేశి మాట్లాడుతున్నరు. బాపు పిల్లల బల్ల మీద కూసోని రాసుకుంటున్నడు. నోరు తెరుస్తలేడు. ఆగు, ఇస్త."

ఫోన్‌లో వెంకటరాజం గొంతు బొంగురుగా వినిపించింది.

"నేను రానీకె ఆలస్యమైతది. ఇంక ముప్పై మంది మాట్లాడాలె."

"జిల్లాల మీ ఉపన్యాసమో?"

"అది ఇంట్లనే మర్శిపోయిన. ఉండనీ. మెర్సీ మేడంకు వారం సెలవు మంజూరు చేసిన. సోమవారం నుంచి ఆమె బడికి నేనే పోత."

శారదమ్మ గుండె నిండిపోయింది. అయినా అరవైకి దగ్గరపడ్డ మనిషి, బీపీ మాత్రలు వేసుకునే మనిషి. "ఐదు తరగతులకు ఒక్కలే ఎట్ల చెప్తరు?" అంది కంగారుగా.

అవతల ఆయన ముక్కు ఎగబీల్చుకోవడం ఆమెకు వినపడింది.

"ఆరేండ్ల సంది ఆమె ఒక్కతే ఎట్ల చెప్పిందో, ఇయ్యాల అడిగి తెలుసుకుంట," అన్నాడు.