తిరగనన్న పెట్టె

“రోటర్ పోయింది. మన నిఘా ఉపగ్రహాన్ని అటూ ఇటూ తిప్పే చక్రం అది. విదేశీ ముఠా చేతికి చిక్కితే మన గుట్టంతా రట్టే. జూజువాడి చెక్‌పోస్ట్ దాటనివ్వకు.”

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. చెక్‌పోస్ట్ పక్కన టీ అంగడిలో మారువేషంలో గ్లాసులు కడుగుతున్న ఏజెంట్ నేత్ర పళ్లు నూరింది. దొంగ ఎవరో ఆమెకు తెలుసు. తిలక్! ముఠాలో మన మనిషిగా ఉంటాడని పూచీపడి వాణ్ణి డిపార్ట్‌మెంట్‌కి తెచ్చింది తనే. రోటర్ పోతే తన ఉద్యోగమూ పరువూ కూడా పోయినట్టే.

తిలక్ లారీ రాగానే నేత్ర ఐడీ కార్డు తీసి ఆపింది. కూలింగ్ గ్లాసెస్, గుప్పుమనే సెంటుతో దిగాడు తిలక్. బర్గూరు గ్రానైట్ శాంపిల్స్ అంటూ ఒకేలాంటి నాలుగు పెట్టెలు చూపించాడు. లోపల సీసపు రేకు వేశారు కాబట్టి స్కానర్‌కి ఏమీ కనపడలేదు. చీఫ్ పంపిన డిటెక్టర్ వాచ్ గుడ్లప్పగించింది.

“ఎక్స్‌పోర్ట్ సీలు మేడమ్. మీ ఆర్డర్ ఒక్క పెట్టె తెరిచేందుకే కదా? తెరవండి. రాయి వచ్చిందంటే దారి ఇడిచేయాల,” అన్నాడు తీరిగ్గా.

జీపులో బేడీలతో మాదేశ్ కూర్చున్నాడు. తిలక్ కోసం హోసూరు షెడ్డులో రోటర్ కాజేసిన సూపర్‌వైజర్ వాడే. వేళ్లకి ఇంకా కుంకుమ ఉంది.

“యా పెట్టెలో పెట్టినావప్పా?” అడిగింది నేత్ర.

“తెలీదమ్మా. పెట్టెలు తారుమారు చేసింది ఆయప్పే.”

“ఆ కుంకుమేంది?”

“పూజ చేసినాను. మా షెడ్డులో యా మిషనూ తిరక్కుండా గడప దాటదమ్మా. స్విచ్ ఏసి, స్పీడు ఎక్కినాకే పెట్టెలో పెట్టినాను.”

దొంగసొత్తుకి పూజ! నేత్రకి అసహ్యమూ నవ్వూ కలిసి వచ్చాయి. గాలి తీసేసిన డబ్బాలో అయస్కాంతాల మీద తేలే చక్రం అది. స్విచ్ తీసినా గంటల తరబడి ఆగదు. అలా తిరుగుతున్న చక్రం ఇరుసును మళ్లించబోతే ఊరుకోదు, పక్కకి ఎదురు తిరుగుతుంది. బళ్లో చెప్పే ఫిజిక్సే. ఆ పీరియడ్‌లో తిలక్ అద్దం చూసుకుంటూ ఉండి ఉంటాడు.

“తిలక్, పెట్టెలు నువ్వే దించప్పా. ఒక్కోటి పట్టుకుని గిర్రున వెనక్కి తిరుగు. చాలు.”

ఇంతసేపూ పెట్టెలు మోసింది కూలీలు. చక్రం తిరుగుతోందని వాడికి తెలియదు. వెకిలిగా నవ్వి రెండు పెట్టెలు దించాడు, తిరిగాడు. ఏమీ కాలేదు. మూడోదానితో స్టైలుగా మడమ మీద తిరిగాడు. మనిషి తిరిగాడు గానీ పెట్టె తిరగలేదు. దాని అడుగు పక్కకి ఎగిరి మోకాలికి కొట్టింది. మణికట్టు మెలిపడి తిలక్ రోడ్డు మీద బోర్లా పడ్డాడు.

“ఇదే. పగలగొట్టండి.”

సీలు ఊడింది. లోపలి డబ్బా మీద కుంకుమబొట్టు, చెయ్యి పెడితే సన్నని వణుకు.

చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది. “శభాష్! మన డిటెక్టర్ వాచ్ పనిచేసిందన్నమాట!”

“టైం భలే చూపిస్తోంది సార్.”