అతి చక్కని కోతగుర్తు

కొత్త జన్యువైద్యపు మందు రూపొందించిన డిజైనర్‌ను లిఫ్టులోనే కాల్చేశారు. కళ్లజోడు మాత్రం పగల్లేదు. ఎవరో దాన్ని తీసి, మడిచి, ఆయన జేబులో పెట్టారు.

“సీసాలు రెండు. ఒకదాంట్లో మందును విదేశీ ముఠా మార్చేసింది. సీళ్లు ఒక్కలాగే ఉన్నాయి,” అన్నాడు ఫోన్‌లో గూఢచారి సంస్థ చీఫ్. “పాపకు ఊపిరి అందట్లేదు, ఈ పూటే ఇవ్వాలి. తప్పుది ఎక్కితే పాప దక్కదు.”

“పాప ఎవరు సర్?” అడిగాడు ఏజెంట్ ‘తాబేలు’.

“నా మనవరాలు. ఆ సంగతి మర్చిపోయి పని చూడు.”

తాబేలు ఏసీ మెకానిక్ వేషంలో, సీసాలున్న కోల్డ్‌రూమ్‌లోకి దూరాడు. లోపల అప్పటికే డబుల్ ఏజెంట్ నెమలి ఉంది. ఖరీదైన కోటు, చేతిలో సైలెన్సర్ బిగించిన తుపాకీ.

“ఇంత చలిలో ఏసీ రిపేరా?”

“చలి చాలకపోతేనే రిపేరు.”

కోడ్‌వర్డ్ కుదిరింది. నమ్మకం కుదరలేదు.

ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క తీసి పెన్ స్కానర్‌లో వేశాడు. జన్యువు నకలులో అక్కర్లేని ముక్కల్ని కణం కత్తిరించి పారేస్తుంది. కత్తెర ఎక్కడ పడాలో కొన్ని అక్షరాలు గుర్తు చెబుతాయి. ఆ గుర్తు ఎంత స్పష్టంగా ఉందో స్కానర్ బిట్లలో కొలుస్తుంది; బిట్లు ఎక్కువైతే గుర్తు అంత స్పష్టం. మొదటి సీసాలో గుర్తులన్నీ ఎనిమిది బిట్ల దగ్గర్లో ఉన్నాయి. రెండోదాంట్లో ఒకటి ఏకంగా పన్నెండు.

“రెండోదే అసలుది తమ్ముడూ. మార్కులు చూడు,” అంది నెమలి.

ఫోన్ తెరమీద, ఆసుపత్రి వీడియోలో, పాప పెదాలు నీలబడుతున్నాయి. నర్సు ఆ చిన్న పాదాల్ని అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబరుస్తోంది. తాబేలు చెయ్యి రెండో సీసాదాకా వెళ్లి ఆగిపోయింది.

డిజైనర్ వాడింది సహజమైన జన్యువు. పరిణామం పరమ పిసినారి. కణానికి చోటు తెలియడానికి ఎన్ని బిట్లు కావాలో సుమారుగా అన్నే మిగులుస్తుంది, మిగతా అక్షరాలు ఎటుపోయినా పట్టించుకోదు. ఇంత నున్నటి గుర్తు పుట్టింది కాదు, చెక్కింది. కోత తప్పుచోటే పడాలని ముఠా నిపుణుడు అత్యాశకు పోయాడు.

“అతివినయం ధూర్తలక్షణం అంటారు కదక్కా,” అన్నాడు. “అక్షరాలకూ అంతే.”

మొదటి సీసా అందుకున్నాడు. సైలెన్సర్ లేచింది. తాబేలు స్క్రూడ్రైవర్‌తో ఏసీ గ్యాస్ పైపు పొడిచాడు. తెల్లటి పొగ కమ్మేసింది. తూటా అల్మారాలో దిగింది. గుడ్డిగా బయటికి పరుగెత్తిన నెమలి నేరుగా గార్డుల చేతుల్లో పడింది.

డాక్టర్ ఆశ వదులుకుని గ్లవ్స్ విప్పుతుండగా తాబేలు సీసాతో వార్డులోకి వచ్చిపడ్డాడు. పాప తల్లి అతని ముందుకు కుర్చీ జరిపింది.

మందు పనిచేయడానికి రోజులు పట్టింది; అందాకా పాప ఊపిరిని వెంటిలేటర్ మోసింది. వెంటిలేటర్ తీసిన రోజు పాప తాతయ్య వేలు కసుక్కున కొరికింది. సర్వీసు మొత్తంలో చీఫ్‌కు తగిలిన గాయం అదొక్కటే. కట్టు కట్టించుకోకుండా ఆఫీసంతా తిరిగి చూపించాడు.