గొర్రెలు లేని కాపరి బొమ్మ

"గొర్రెలు యాడుండాయమ్మా?"

సంఘపెద్ద ఆనందం అడిగిన ఆ ఒక్క మాటకు చర్చి అంతా ఘొల్లుమని నవ్వింది. బద్వేలు పక్క పల్లె అది. కడపలో బొమ్మల కోర్సు చదివొచ్చిన పిల్ల కదా అని, గోడ మీద కాపరినీ గొర్రెలనూ వేయమని మహిమను అడిగారు. పాపం, నెలంతా తెర కట్టుకుని వేసింది. ఈ ఆదివారం తెర తీస్తే ఏముంది? నిలువునా పారే ఏరు, కాళ్ళున్న కన్ను, తలకిందులైన మెట్లు, నడుమ ఇంత పసుప్పచ్చ ముద్ద. కాపరీ లేడు, గొర్రే లేదు.

"ఇది అబ్‌స్ట్రాక్ట్ సర్రియలిజం," అంది మహిమ. ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగలేదు.

"పిల్లోళ్ళు జడుసుకుంటారు. సున్నం కొట్టిద్దాం," అన్నాడు ఆనందం.

మహిమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి మగవాళ్ళ వైపు కూర్చున్న జోసెఫ్ ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్లంటే అతనికి ఎప్పటి నుంచో ఇష్టం. పలకరించే ధైర్యమే లేదు. ఇప్పుడు మాత్రం ముందూ వెనకా చూసుకోకుండా లేచి నిలబడ్డాడు.

"అయ్యా, దీనికి అర్థముండాది. నేను చెప్తా."

బొమ్మల గురించి అతనికి తెలిసింది గుండుసున్నా. అయితేనేం, పుట్టినప్పటి నుంచి ప్రసంగాలు విన్నవాడు. ఏ ప్రసంగమైనా మూడు పాయింట్లు చెప్పకుండా ముగించకూడదని తెలుసు.

"మొదటిది, ఆ ఏరు కృప. రెండోది, మెట్లు మన గర్వం, అందుకే తలకిందులు. మూడోది, ఆ కన్ను దేవునిది. కాళ్ళెందుకంటే, మనం యాడికి పోయినా ఎనకంబడే వస్తాది."

"స్తోత్రం," అన్నారు ఆడవాళ్ళు. ఎవరో ముక్కు కూడా చీదారు.

"మరి గొర్రెలో?" ఆనందం మెత్తబడ్డాడు.

"మనమే పెద్దాయనా. బయట నిలబడి చూస్తాండాం గదా."

గోడ గండం గట్టెక్కినట్టే. జోసెఫ్ గెలిచినవాడిలా మహిమ వైపు చూశాడు. ఆమె ముఖం కోపంతో కందగడ్డయి ఉంది.

"అంతా తప్పు," అంది లేచి. "నేనేసింది అది కాదు. అబద్ధం చెప్పి నిలబెట్టేదానికన్నా సున్నమే మేలు."

జోసెఫ్‌కు ఉన్నచోటే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

"ఏమప్పా, అర్థముండాదంటివే?" అన్నాడు ఆనందం.

"నాకేం అర్థం కాలేదు పెద్దాయనా. ఆ పిల్ల ఏడుస్తాంటే చూడలేక చెప్పినా."

"మరి నిజంగా నీకేం కనపడతాది?" ఈసారి అడిగింది మహిమ.

జోసెఫ్ గోడకేసి చూశాడు. చాలాసేపే చూశాడు.

"చూపు ఏరెంబడి పైకి పోతాది. మెట్ల మీంద జారి కన్ను కాడికొస్తాది. ఆడన్నా నిలుస్తాదా అంటే నిలవదు. మళ్ళా ఆ పసుప్పచ్చ కాడికే వస్తాది. ఎందుకో తెలీదు, బయటికి రాబుద్ధి కాదు."

మహిమ కోపం ఎటు పోయిందో పోయింది. "కంపోజిషనంటే అదే," అంది మెల్లగా. "చూపు ఆడికే రావాలని గీతలన్నీ అట్ల వంచినా. ఒక్కరన్నా చూస్తారా అనుకున్యా."

చర్చిలోని తలకాయలన్నీ ఏటి వెంట పైకి లేచి, మెట్ల మీదుగా దిగి, పసుపు దగ్గర ఆగాయి. ఆనందం తలైతే ఇంకో చుట్టు కూడా తిరిగింది.

"ఉండనీలేప్పా," అన్నాడు చివరికి, "శానా బాగుండాది."

మహిమ తల్లి విశ్వాసమ్మ మాత్రం బొమ్మను వదిలేసి జోసెఫ్‌నే చూస్తోంది. "ఏమప్పా, గోడ బాగైంది సరే. నువ్వు మా పిల్లనే చూస్తాండావే, దానికేం అర్థం?"

జోసెఫ్ ఈసారి పాయింట్లు వెతుక్కోలేదు. "ఇష్టమత్తా. మహిమ ఒప్పుకుంటే పెండ్లి చేసుకుంటా."

మహిమ చేతికంటిన రంగును కొంగుతో తుడుచుకుంటూ తలెత్తకుండానే అంది.

"ఈ తూరి సరిగ్గా చెప్పినాడులేమ్మా."