కుండలో అల్లం కొమ్ములు

లియెమ్ వెనక్కి నడుస్తూ వచ్చి థాక్ మోటార్ సైకిల్‌ని గుద్దుకుంది.

కుమ్మరుల ఊరు బావు ట్రూక్‌లో కుండ తిరగదు, చేసేవాళ్ళే దాని చుట్టూ తిరుగుతారు. నడుం వంచి, తడి గుడ్డతో అంచు నిమురుతూ వెనక్కి వెనక్కి వేసే అడుగులవి. ఆ దారిలో ఎవరూ బండి ఆపరు.

"కళ్ళు వీపున లేవా నీకు?" అన్నాడు థాక్.

"నీకు మొహాన ఉన్నాయిగా! మా వాకిట్లో బండెందుకు పెట్టావ్?"

"ఫోన్ వచ్చింది, ఆపాను. ఫాన్ రాంగ్ మార్కెట్‌కి ద్రాక్ష తీసుకెళ్తున్నాను. రోడ్డంతా మీదేనా?"

"ఇది రోడ్డు కాదు, మా పెద్దమ్మ వాకిలి."

ఇంకో మాట అనేలోపు వాన మొదలైంది. చినుకు కోసం మొహం వాచిపోయే ఊరది. అందుకే కాల్చాల్సిన పచ్చి కుండలన్నీ ధైర్యంగా ఆరుబయటే పెట్టారు. కాటే పండగ కోసం చేసిన నీళ్ళ కుండలవి. తడిస్తే మళ్ళీ మట్టే.

"అయ్యో! పెద్దమ్మా!" అని అరిచింది లియెమ్.

థాక్ బండి దగ్గరికి పరుగెత్తాడు. ద్రాక్ష బుట్టల మీది టార్పాలిన్ లాగి కుండల మీద కప్పాడు. గాలికి ఎగరకుండా ఒక అంచు తను పట్టుకుని, రెండో అంచు ఆమె చేతికిచ్చాడు. వాన తగ్గేదాకా ఇద్దరూ అలాగే తడిశారు. ఆమె కనురెప్పల మీంచి నీళ్ళు కారుతుంటే అతను చూశాడు. చూడనట్టు హెల్మెట్ పెట్టుకున్నాడు.

కుండలు నిలిచాయి. ద్రాక్షపళ్ళు మాత్రం తడిసి పగిలిపోయాయి.

"సారీ," అంది లియెమ్.

"పగిలినవి తియ్యగానే ఉంటాయి, తిను," అని ఒక గుత్తి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతని బండి ఆ వాకిలి ముందు తరచూ ఆగడం మొదలైంది. ఒకసారి దాహమన్నాడు, ఇంకోసారి టైరులో గాలి లేదన్నాడు.

"మా ఇంట్లో కుండలు చేస్తారు, గాలి కొట్టరు," అనేది లియెమ్. అతనికి నీళ్ళు మాత్రం కొత్త కుండలోంచి ముంచి ఇచ్చేది.

ఒకరోజు అతను నీళ్ళు తాగి గ్లాసు తిరిగివ్వకుండా నిలబడ్డాడు.

"ఎల్లుండి నేతగాళ్ళ ఊరి నుంచి మా ఇంటికొస్తున్నారు, నన్ను పెళ్ళికి అడగడానికి."

లియెమ్ చెయ్యి కుండ అంచు మీద ఆగింది. "నీకిష్టమేనా?"

"మగపిల్లాణ్ణి, నా ఇష్టం నేనెలా చెబుతాను? మనలో ముందు ఆడపిల్ల వైపు వాళ్ళే అడగాలి. అడిగినవాళ్ళు నచ్చితే మా అమ్మ ఇచ్చేస్తుంది."

"ఓహో."

"ఓహో ఏంటి?" అని గ్లాసు ఆమె చేతిలో పెట్టి, బండి స్టార్ట్ చేశాడు.

లియెమ్ మళ్ళీ కుండ చుట్టూ నడవడం మొదలుపెట్టింది. మర్నాడు పెద్దమ్మతో మాత్రం, "ఆ రోజు కుండలు కాపాడినందుకు వాళ్ళమ్మకి ఒక మాట చెప్పి రావాలి కదా," అంది.

"ఇన్నాళ్ళకా?" అంది పెద్దమ్మ.

మంచి కుండ ఒకటి ఎంచి ఇద్దరూ వెళ్ళారు. థాక్ బుట్టలు నింపుతుంటే వాళ్ళమ్మ పందిరి కింద ద్రాక్ష ఏరుతోంది. కుండ అందుకుని, మూతగుడ్డ తీసి, ఆగిపోయింది.

కుండలో అల్లం కొమ్ములు! బియ్యప్పిండి, గుడ్డు కలిపి అల్లం ఆకారంలో వేయించి, చక్కెర పాకం పట్టిన పిండివంట. పెళ్ళి మాటలకి తప్ప వాటిని కుండలో పెట్టి పరాయి ఇంటికి ఎవరు తీసుకెళ్తారు!

"ఒరేయ్ థాక్, లోపలికి పో! నీకోసమే వచ్చారు!" అంది ఆవిడ వెలిగిపోతూ.

థాక్ పరుగున గుమ్మం తెర వెనక్కి వెళ్ళాడు.

"ఏంటి పెద్దమ్మా ఇది?" అని గొణిగింది లియెమ్.

"మొన్న నా చిన్నకూతురి పెళ్ళిలో మిగిలాయే. కుండ ఖాళీగా ఇవ్వకూడదని వేశాను," అంది పెద్దమ్మ, ఎటో చూస్తూ.

ఊరుకుంటే చాలు, పని అయిపోతుంది. కానీ లియెమ్ ఊరుకోలేకపోయింది.

"అమ్మా, పొరపాటు జరిగింది. మేం అడగడానికి రాలేదు."

ఆవిడ మొహం వాడిపోయింది. తెర వెనక బుట్టేదో కింద పడింది.

"ఇవాళ కృతజ్ఞత చెప్పడానికే వచ్చాం. మీ అబ్బాయి తన పళ్ళు తడవనిచ్చి మా కుండలు కాపాడాడు. ఇవి మిగిలిపోయిన కొమ్ములు. మిగిలినవాటితో థాక్‌ని అడగను." లియెమ్ ఒక అడుగు ముందుకేసింది. "రేపు పొద్దున్నే కొత్తవి నేనే వేయించి, మా అమ్మనీ మేనమామనీ తీసుకొస్తాను. నేతగాళ్ళ ఊరివాళ్ళకంటే ముందే."

ఆవిడ కుండని ఒళ్ళో పెట్టుకుంది.

"పళ్ళన్నీ పగలగొట్టుకొచ్చాడని ఆ రోజు తిట్టిపోశాను. ఎవరి కుండల కోసమో ఒక్క ముక్క చెప్పలేదు వెధవ." ఒక కొమ్ము విరిచి నోట్లో వేసుకుంది. "చక్కెర పాకం ఇంకాస్త ముదరనీ. నేతగాళ్ళ ఊరివాళ్ళకి రావద్దని నేను ఫోన్ చేస్తాలే."

పెద్దమ్మ నవ్వు కనపడకుండా తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

థాక్ గేటు దాకా వచ్చాడు. "ఈసారి ముందుకే నడిచొచ్చావే!"

"థ్యాంక్స్," అంది లియెమ్.

"కుండలకి ఇందాకే చెప్పావుగా?"

"కుండలకి కాదు. ఆ రోజు మా వాకిట్లో బండి అడ్డం పెట్టినందుకు."