మూడు రేవులు

ఐదో సాక్షిని కూడా నదిలోనే కాల్చేశారు.

ఆ కబురు థాయ్ సరిహద్దు ఊరు మే సోట్ చేరిన మర్నాడే ఊ థౌంగ్ సీన్ తన గది తలుపు మూసి యాన్ పాయ్‌కి మిషన్ అప్పగించాడు. బర్మాలో సైన్యం చేస్తున్న హత్యలకు సాక్ష్యాలు పోగుచేసి, థాయ్ ఒడ్డునుంచి లోకానికి చాటే సంఘానికి ఆయన పెద్ద. ప్రతి శనివారం చనిపోయినవాళ్ళ పేర్లు రాసిన అట్టలు పట్టుకుని బజారులో నిలబడే నలభై మందిలో యాన్ పాయ్ ఒకడు. అతని అసలు పని సాక్షుల్ని నది దాటించడమని కొద్దిమందికే తెలుసు, సంఘంలో దూరిన సైన్యం ఏజెంట్లను ఏరడం కూడానని ఆ పెద్దాయనకే తెలుసు. జైల్లో తన అన్నంలో సగం పెట్టి యాన్ పాయ్‌ని బతికించింది ఆయనే.

సైనిక ఆసుపత్రిలో చచ్చిపోయిన ఖైదీల రిజిస్టరును చో జిన్ అనే నర్సు ఫోటోలు తీసింది. గురువారం నది దాటుతుంది.

"లీకు వుట్ యీ దగ్గరే. ఆమెకు తప్పుడు రేవు చెప్పు. సైనికులు అక్కడికొస్తే తేలిపోతుంది. అది ఏ రేవో నాకు కూడా చెప్పకు, అబ్బాయ్" అన్నాడు పెద్దాయన.

వుట్ యీ ఒకప్పుడు యాంగోన్‌లో సినిమా తార. జనరల్స్ విందుల్లో పాడి, తర్వాత పారిపోయి వచ్చింది. దాటి వచ్చిన సాక్షులకు పొడిబట్టలు అందించే పని ఆమెది. ఎర్ర లిప్‌స్టిక్ లేకుండా ధర్నాకి రాదు. అనుమానించడం తేలికే. యాన్ పాయ్ ఆమెను ప్రేమిస్తున్న సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

ఆమెకు ఇటుక బట్టీ రేవని చెప్పాడు. పెద్దాయనకు మాత్రం, నర్సు అసలు దాటేది అరటి తోట రేవులోనని చెప్పాడు. ఆయన మీద అనుమానమేమీ లేదు, ఈ పనిలో అది అలవాటు. ఆ అలవాటు నేర్పిందీ ఆయనే. నిజానికి నర్సు దాటబోయేది దిగువన ఉన్న రైస్ మిల్లు రేవులో.

గురువారం పొద్దున పదింటికి టీ ఆకు ఊరగాయ అమ్మేవాడి వేషంలో మిల్లు ఒడ్డున కూర్చున్నాడు. గంపలో బైనాక్యులర్స్. అవతలి ఒడ్డున ఎగువకు చూశాడు. అరటి చెట్ల మధ్య ఆకుపచ్చ లారీ ఉంది. చుట్టూ సైనికులు బోర్లా పడుకుని ఉన్నారు. అద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు. లారీ అక్కడే ఉంది.

ఆ రేవు పేరు అతను ఒక్కరికే చెప్పాడు.

అంతలో లారీ కదిలింది. ఒడ్డు వెంట వెతుక్కుంటూ దిగువకు వస్తోంది. చో జిన్ నది మధ్యలో ఉంది. టైరు ట్యూబు మీద కూర్చుని క్యాబేజీల బుట్టను కావలించుకుంది.

యాన్ పాయ్ ఫోన్ తీసి పెద్దాయనకు చేశాడు.

"బాబాయ్, రేవు మార్చాం. పైన ఇటుక బట్టీ దగ్గర దాటుతోంది. పది నిమిషాల్లో."

"మంచి పని చేశావు, అబ్బాయ్."

మలుపు తిరిగితే ట్యూబు కనబడిపోతుందనగా లారీ ఆగింది. వెనక్కి తిరిగి, దుమ్ము రేపుకుంటూ ఎగువకు పోయింది. అది తిరక్కపోయినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించి అతనికి సిగ్గేసింది.

నర్సు ఒడ్డెక్కి కోడ్ ప్రకారం అడిగింది. "మొహింగా చారులోకి అరటి దూట ఉందా?"

అతను ఇంకా ఎగువన లేచిన దుమ్మునే చూస్తున్నాడు. ఆమె భయపడుతూ రెండోసారి అడిగింది.

"నిన్నటిదే ఉంది" అన్నాడు.

సాయంత్రం వెళ్ళేసరికి పెద్దాయన రెండు కప్పుల్లో టీ పోసి కూర్చున్నాడు. లారీ ఎవరి మాట విని తిరిగిందో యాన్ పాయ్ చెప్పాడు. ఆయన కాదనలేదు. జపాన్‌లో చదువుతోందని అందరూ అనుకుంటున్న కూతురు రెండేళ్ళుగా సైన్యం చేతిలో ఉందన్నాడు.

"నెలకో ఉత్తరం రానిస్తారు. దాని దస్తూరీయే. నువ్వైతే ఏం చేసేవాడివి?"

"ఐదుగురు, బాబాయ్."

యాన్ పాయ్ రిజిస్టరు పేజీ ఫోటో ఒకటి బల్ల మీద పెట్టాడు. నలభయ్యొకటో పేరు ఆ అమ్మాయిదే. పోయిన వానాకాలం తేదీ.

"మొన్ననే ఉత్తరం వచ్చింది" అన్నాడు ఆయన. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, మళ్ళీ అదే అన్నాడు. బయట కాచుకున్న సంఘం మనుషులు లోపలికి వచ్చినా తలెత్తలేదు.

శనివారం బజారులో అట్టలు రెండు వందలకు పెరిగాయి. నలభయ్యొకటో పేరున్న అట్ట వుట్ యీ పట్టుకుంది. యాన్ పాయ్ పక్కన నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె గురువారం నర్సు కోసం పొడిబట్టలు పట్టుకుని ఇటుక బట్టీ దగ్గరికి వెళ్ళిందట. అవతలి ఒడ్డున లారీ వచ్చి ఆగింది. సైనికులు గంటసేపు ఆమెను ఎండలో నిలబెట్టి, తుపాకులు చూపించి ఫోటోలు తీశారు. ఇక యాంగోన్‌లోని అమ్మ దగ్గరికి వెళ్ళే దారి లేదు.

"అంటే నన్ను అనుమానించి, వాళ్ళను నామీదికే పంపావు."

"నువ్వు అక్కడికి వెళ్తావనుకోలేదు."

"రేవు పేరు నువ్వేగా చెప్పావు" అని, అట్టను ఇంకాస్త పైకెత్తింది. "వచ్చేసారి అనుమానమొస్తే ముందే ఒక మాట చెప్పు. గొడుగు తెచ్చుకుంటాను."